లోడుతో రా

షెడ్డులోకొస్తే దానికి ఏ జబ్బూ లేదు.
పోర్టు వేలంలో నూకరత్నం పాడుకున్న పాత పికప్పు.
సముద్రంలో బావులు తవ్వే కంపెనీ ఏదో వదిలేసి పోయింది.
క్లచ్చు లేని బండి,
ఎడంకాలికి పని చెప్పని బండి.
ఆటోనగర్‌లో దాని కడుపు తెలిసినవాడు లేక
నా దగ్గరికొచ్చింది.
నాకూ సగమే తెలుసు.

"మూడో గేరు ఒగ్గేస్తంది బాబూ.
రోజూ కాదు. రెండ్రోజులు బాగుంటది.
మూడోనాడు ఎండాడ ఎత్తుమీద
ఇంజిను అరుస్తది, బండి కదల్దు.
ఎనకనుంచి బస్సోడి హారను.
నీకాడకొస్తే సిగ్గేస్తది కావాల, బుద్ధిగుంటది."

మన్యం చలిజ్వరం గుర్తొచ్చింది.
రక్తం తీసే వేళకి ఒళ్లు చల్లబడిపోతుంది.

పుల్ల లాగి చూశాను.
నూనెది రెండ్రోజుల పారాణి రంగు.
ముక్కు దగ్గర పెట్టుకున్నాను, మాడు వాసన లేదు.
అడుగు ట్రే విప్పాను.
అయస్కాంతానికి కాటుకంత బూడిద,
వేలితో నలిపితే మెత్తగా పోయింది,
రేకుముక్క ఒక్కటీ గుచ్చుకోలేదు.
సోలెనాయిడ్లకి మీటరు పెట్టాను,
అడిగినదానికల్లా సరైన జవాబు చెప్పాయి.
కూర్మన్నపాలెం దాకా నడిపాను, మళ్లీ నడిపాను.
ఒకటి, రెండు, మూడు, నాలుగు,
పట్టు మీద సూది నడిచినట్టు.

ఫిల్టరు మార్చి డబ్బు తీసుకున్నాను.
నాలుగో రోజు ఎండాడ నుంచే ఫోను.
వెనక హారను నాకూ వినపడింది.

కంచరపాలెంలో ఎవరో తేల్చేశారట,
పెట్టె పోయింది, తొంభై వేలవుతుందని.
ఆ మాట చెప్పి ఊరుకుంది.
నన్నేమీ అడగలేదు.
అప్పుడన్నాను: ఖాళీ బండి తేవద్దు.
లోడుతో రా. కాదు, నేనే వస్తాను.

తెల్లారి నాలుగ్గంటల ఫిషింగ్ హార్బరు.
కానాగడతలు, వంజరాలు, పారలతో ఐసు,
పట్టా కప్పి తాడు బిగించారు.
పక్క సీట్లో కూర్చున్నాను, మోకాళ్లమీద టార్చి.
నూకరత్నం కొడుకు ఎల్లాజీ స్టీరింగు దగ్గర.
మద్దిలపాలెం దాటాం. ఏం లేదు.
హనుమంతవాకలో సిగ్నల్ ఎర్రబడింది.
వాడు గట్టిగా తొక్కాడు.

విన్నాను.
మా వీపుల వెనక, తొట్టి అడుగున,
నీళ్లు ఒక్కసారిగా ముందుకొచ్చి తగిలిన చప్పుడు.

పచ్చ పడింది. ఎత్తు మొదలైంది.
మూడు పడబోయి మళ్లీ రెండుకి జారింది.
అరుపు.

పక్కకి ఆపించి రోడ్డుమీద వెల్లకిలా పడుకున్నాను.
తొట్టి మూల తుప్పు తిన్న కన్నం, చిటికెనవేలంత.
అందులోంచి ఐసునీళ్లు, చేప ఉప్పుతో సహా,
తిన్నగా గేర్‌బాక్సు తోకమీద, స్పీడు చెప్పే తీగ ముడిమీద
బొట్టు బొట్టు.
పిన్నుల మీద పచ్చటి చిలుము.
పాపం, అది మొరాయించలేదు.
ఎంత వేగంతో పోతున్నామో
దానికి ఎవరూ చెప్పడంలేదు.

సిగ్నల్ దొరికిన రోజు బండి బాగుంది,
ఆగిన రోజు లేదు.
ఇన్నాళ్లూ నేను దాన్ని తుడిచి, ఆరబెట్టి, ఖాళీ చేసి
ఏం నొప్పి అని అడిగాను.

చిలుము గీకి, గ్రీజు పూసి, ట్యూబు ముక్క చుట్టాను.
కన్నానికి రేకు వెల్డింగు. మొత్తం మూడొందల అరవై.
పాత ఫిల్టరు డబ్బు తిరిగివ్వబోతే
నూకరత్నం చెయ్యి అడ్డం పెట్టి
ఓ వంజరం నా స్కూటరుకి తగిలించింది.

ఇంటికొస్తున్నంతసేపూ తోక కాలికి తగులుతూనే ఉంది.
పోయినేడు అగనంపూడి పైడిరాజు గారి బండి
ఇలాగే వచ్చి పోతోందంటే
పెట్టె మొత్తం విప్పి పోశాను.
పళ్లచక్రాలన్నీ బాగానే ఉన్నాయి.
అయినా మార్చాను.
ఆయన ఆ బండిలో ఏం మోసేవాడో
అడగనే లేదు.

నెంబరు ఫోన్లో ఉందో లేదో
ఇంకా చూడలేదు.